టెక్సస్‌లో సెకండ్ హ్యాండ్ డాడ్జ్ ఛార్జర్ స్కాట్ ప్యాక్ కారు కొన్నాను, దొంగల నుంచి ఎలా కాపాడుకోవాలి?

రఘు_ఇర్వింగ్
8 నవంబర్ 2025, శనివారం ఉదయం

అందరికీ నమస్తే. ఈ మధ్యే 2020 మోడల్ డాడ్జ్ ఛార్జర్ స్కాట్ ప్యాక్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. 6.4 లీటర్ల హెమీ వీ8, 485 హార్స్‌పవర్. ఎమ్మెస్ చదివే రోజుల్లో డాలస్ రోడ్ల మీద ఆ ఇంజిన్ చప్పుడు వినబడితే నడుస్తూ ఆగి చూసేవాణ్ని. ఇన్నేళ్లకు కుదిరింది.

మేముండేది ఇర్వింగ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో. గ్యారేజీ లేదు, రేకుల షెడ్డు కింద పార్కింగ్ మాత్రమే. గేటు ఉంది గానీ చెడిపోయి ఎప్పుడు చూసినా తెరిచే ఉంటుంది. కారు తెచ్చిన కొద్ది రోజులకే పక్క బ్లాకులో ఒకాయన డాడ్జ్ ఛాలెంజర్ కారు రాత్రికి రాత్రి పోయింది. తెల్లారి చూస్తే నేల మీద అద్దం ముక్కలు తప్ప ఏమీ లేవు. తాళాలు రెండూ ఆయన ఇంట్లోనే ఉన్నాయి. అప్పటి నుంచి మా ఆవిడకు ఒకటే టెన్షన్, రాత్రిళ్లు లేచి కిటికీలోంచి చూస్తోంది.

తాళం సిగ్నల్ బయటికి పోకుండా ఆపే ఫారడే పౌచ్ ఆర్డర్ పెట్టాను. స్టీరింగ్ లాక్ కూడా కొందామనుకుంటున్నా. ఇవి సరిపోతాయా? వెయ్యి డాలర్ల దాకా పెట్టగలను. ముందు దేనికి పెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

కిరణ్_ఆస్టిన్
8 నవంబర్

కంగ్రాట్స్ బ్రో, మంచి కారు. పౌచ్, స్టీరింగ్ లాక్ చాలు. మిగతాదానికి ఇన్సూరెన్స్ ఉంది కదా. ఒకాయన కారు పోయిందని మరీ అంత భయపడక్కర్లేదు. 2023లో అమెరికా మొత్తం మీద పది లక్షలకు పైగా వాహనాలు చోరీ అయితే, 2024లో అది దాదాపు 8.5 లక్షలకు తగ్గిందని ఇన్సూరెన్స్ నేరాలను చూసే సంస్థ ఎన్ఐసీబీ లెక్కలే చెబుతున్నాయి. పరిస్థితి మెరుగవుతోంది. కారును ఎంజాయ్ చెయ్యి.

సుబ్బారావు_మిషిగన్
8 నవంబర్

రఘూ, కొత్త కారుకు శుభాకాంక్షలు. నేను ఇక్కడ ఆటోమోటివ్ ఎలక్ట్రానిక్స్‌లో పనిచేస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

పౌచ్ మంచి వస్తువే. కానీ నీ కారుకు ప్రధానమైన ప్రమాదం అటువైపు నుంచి రాదు. పక్క బ్లాకులో అద్దం ముక్కలు పడి ఉన్నాయన్నావు చూడు, దొంగ ఏ దారిన వచ్చాడో అవే చెబుతున్నాయి.

ఈ కాలం కార్లను తాళం లేకుండా ఎత్తుకుపోయే పద్ధతులు ముఖ్యంగా మూడు. మొదటిది రిలే. తాళం ఇంట్లో ఉంటుంది, కారు బయట ఉంటుంది. ఒకడు ఇంటి తలుపు దగ్గర యాంటెన్నాతో నిలబడతాడు, రెండోవాడు కారు దగ్గర ఉంటాడు. కారు సిగ్నల్‌ను తాళానికి, తాళం జవాబును కారుకు వాళ్లే చేరవేస్తారు. తాళం పక్కనే ఉందనుకుని కారు తలుపు తెరుచుకుంటుంది, స్టార్ట్ కూడా అవుతుంది. అద్దం పగలదు, చప్పుడు ఉండదు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు దీన్ని 2011లోనే 8 కంపెనీల 10 మోడళ్ల మీద చేసి చూపించారు. ఫారడే పౌచ్ దీనికి విరుగుడు.

రెండోది కారు లోపలి వైరింగ్ నెట్‌వర్క్‌లోకి, అంటే క్యాన్ బస్‌లోకి, బయటి నుంచే చొరబడటం. 2022లో లండన్‌లో ఒక టొయోటా రావ్4 ఇలాగే పోయింది. దాని యజమాని వృత్తిరీత్యా కార్ల సైబర్ సెక్యూరిటీ పరిశోధకుడు. అందుకే ఆ దొంగతనం ఎలా జరిగిందో మొత్తం తవ్వి తీశారు. బంపర్ లాగి, హెడ్‌లైట్ వైర్ల దగ్గర పరికరం తగిలించి, తాళం సరైనదేనని కారుకు అబద్ధపు సందేశం పంపారు. ఆ పరికరం చూడటానికి మామూలు బ్లూటూత్ స్పీకర్ లాగే ఉంటుంది. ఇక్కడ నీ తాళం ప్రసక్తే లేదు, పౌచ్‌లో ఉన్నా బ్యాంకు లాకర్‌లో ఉన్నా ఒకటే.

మూడోది కొత్త తాళం తయారు చేసుకోవడం. అద్దం పగలగొట్టి లోపలికి దూరి, డాష్‌బోర్డు కింద సర్వీసు కోసం పెట్టిన ఓబీడీ పోర్టుకు కీ ప్రోగ్రామింగ్ పరికరం తగిలిస్తారు. తమతో తెచ్చుకున్న ఖాళీ తాళాన్ని ఇది కూడా నీదేనని కారు చేత ఒప్పిస్తారు. తాళాలు పోగొట్టుకున్నవాళ్లకు కొత్తవి చేసిచ్చే మెకానిక్కుల కోసం పుట్టిన సౌకర్యం ఇది. తాళాలు చేసేవాడు దొంగతో కలిసి మన గుమ్మం ముందుకు వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది పరిస్థితి. ఛార్జర్లు, ఛాలెంజర్లు, షెవ్రొలే కమారోలు ఎక్కువగా ఈ దారినే పోతున్నాయి.

మీ టెక్సస్‌లోనే 2016లో హ్యూస్టన్ పోలీసులు ఇద్దరిని పట్టుకున్నారు. ల్యాప్‌టాప్‌తో జీపులు, డాడ్జ్‌లు స్టార్ట్ చేసి సరిహద్దు దాటించి మెక్సికోకు పంపేవాళ్లు. వందకు పైగా బండ్లు అలా పోయాయని అప్పట్లో పోలీసులు అనుమానించారు. తాళాల కోడ్లు డీలర్లు వాడే డేటాబేస్ నుంచే బయటికి వచ్చాయి.

కిరణ్ చెప్పిన లెక్క నిజమే, కానీ అది అన్ని కార్లకూ కలిపి. అందులో కియా, హ్యుందాయ్ కథ చాలా ఉంది. అమెరికాలో అమ్మిన వాటి మోడళ్లు చాలావాటికి, సరైన తాళం లేనిదే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజరే లేక లక్షల్లో చోరీకి గురయ్యాయి, 2023లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు మొదలయ్యాక తగ్గుతూ వచ్చాయి. రఘు కారు సంగతి వేరు. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ల లెక్కలు తీసే హైవే లాస్ డేటా ఇన్‌స్టిట్యూట్ 2023లో ఇచ్చిన నివేదికలో ఛార్జర్లలో బాగా శక్తివంతమైన రకం హెల్‌క్యాట్ సగటు కారు కన్నా 60 రెట్లు ఎక్కువగా చోరీ అవుతున్నట్టు తేలింది. హెమీ ఇంజిన్ ఉన్న మిగతా ఛార్జర్లు 20 రెట్లు. 2025 నివేదికలో మొదటి స్థానం షెవ్రొలే కమారో జెడ్ఎల్1ది, 39 రెట్లు. ఇన్ని రెట్లు ఎక్కువ ఉన్నప్పుడు జాగ్రత్తపడటాన్ని భయం అనకూడదు.

ఏం చెయ్యాలో సాయంత్రం రాస్తాను.

రఘు_ఇర్వింగ్
8 నవంబర్

సుబ్బారావు గారూ, చాలా థాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అయితే పౌచ్ ఆర్డర్ క్యాన్సిల్ చేసెయ్యనా?

సుబ్బారావు_మిషిగన్
8 నవంబర్

వద్దు, ఉండనీ. పాతిక డాలర్ల వస్తువు, రిలే దారి ఒకటి మూసుకుంటుంది. రెండో తాళం కూడా అందులోనే వెయ్యి, చాలామంది స్పేర్ తాళాన్ని మర్చిపోతారు. పౌచ్ వచ్చాక తాళం అందులో పెట్టి కారు తలుపు పక్కనే నిలబడి చూడు, తెరుచుకుంటే ఆ పౌచ్ పనికిరాదు. కొన్నాళ్లు వాడితే లోపలి పొర మడతల దగ్గర చిరుగుతుంది కాబట్టి అప్పుడప్పుడు మళ్లీ చూసుకోవాలి.

ఇప్పుడు అసలు పని. ముందు డీలర్ దగ్గరికి వెళ్లు. 2015 నుంచి 2021 వరకు వచ్చిన 6.4 లీటర్, సూపర్‌ఛార్జ్‌డ్ 6.2 లీటర్ ఛార్జర్లకు, ఛాలెంజర్లకు డాడ్జ్ 2021లో ఒక ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్ ప్రకటించింది. అది ఉంటే స్క్రీన్ మీద నాలుగంకెల కోడ్ కొట్టేదాకా ఇంజిన్ 675 ఆర్పీఎం దాటదు, పవర్ 3 హార్స్‌పవర్ లోపే. దొంగ స్టార్ట్ చేసినా ఆ పవర్‌తో పార్కింగ్ దాటడం కూడా కష్టం. 2022లో ఇంకొకటి ప్రకటించారు, కొత్త తాళం ప్రోగ్రామ్ చెయ్యడాన్నే మూసేసే అప్‌డేట్. నీ వీఐఎన్ (కారు గుర్తింపు నంబర్) చెప్పి, ఈ రెండింటిలో నీ కారుకు ఏవి వర్తిస్తాయి, ముందు ఓనర్ ఏవి వేయించాడు అని అడుగు.

సెకండ్ హ్యాండ్ కాబట్టి ఇంకో ముఖ్యమైన సంగతి. కారు జ్ఞాపకంలో ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయో డీలర్ చెప్పగలడు. నీ చేతిలో రెండు ఉండి లోపల మూడు కనబడితే ఆ మూడోది ఎవరి దగ్గరుందో నీకు తెలియదు. అన్నీ చెరిపేసి నీ రెండే మళ్లీ నమోదు చేయించు. ముందు ఓనర్ ఫోన్‌లోని కారు యాప్ కూడా ఇంకా కనెక్ట్ అయి ఉండొచ్చు, అది తెంపించు. తలుపులు తీసేది, కారు ఎక్కడుందో చూపించేది ఆ యాప్‌లే.

వాణి_లండన్
9 నవంబర్, ఆదివారం

రఘు గారూ, బ్రిటన్ అనుభవం కూడా వినండి, ఇక్కడ ఈ బాధ ఎప్పటి నుంచో ఉంది. 1998 నుంచి కొత్త కార్లన్నిటికీ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి కావడంతో పాతరకం దొంగతనాలు బాగా తగ్గాయి. తాళం చెవి తిప్పక్కర్లేని కీలెస్ కార్లు వచ్చాక మళ్లీ పెరిగాయి. మావారికి ఒక జర్మన్ హాట్ హ్యాచ్ (వేగంగా పోయే చిన్న కారు) ఉంది, దాని మీద మాకున్నంత బెంగ పిల్లల మార్కుల మీద కూడా లేదు.

ఇక్కడ పెర్ఫార్మెన్స్ కార్లవాళ్లు ఎక్కువగా పెట్టించేది క్యాన్ ఇమ్మొబిలైజర్. ఘోస్ట్ అనే పేరు ఎక్కువ వినబడుతుంది. మీ అమెరికాలో అలాంటిదే ఇగ్లా అని దొరుకుతుంది. బయటికి కనబడే స్విచ్ ఏదీ ఉండదు. స్టీరింగ్ మీది బటన్లు, కిటికీ బటన్లు మీరు పెట్టుకున్న వరుసలో నొక్కితేనే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, లేదా గేరు పడుతుంది. దొంగ కొత్త తాళం చేసుకున్నా ఆ వరుస తెలియకపోతే కారు కదలదు. సుబ్బారావు గారు చెప్పిన మూడు దారులకూ ఇదే అడ్డం పడుతుంది, ఎందుకంటే ఇది కంపెనీ తాళం వ్యవస్థ మీద ఆధారపడదు. ఇక్కడ బిగింపుతో కలిపి సుమారు 500 పౌండ్లు.

నా గట్టి అభిప్రాయం చెబుతున్నాను. మీ వెయ్యి డాలర్లలో ముందు దీనికే పెట్టండి. బిగించేవాణ్ని మాత్రం చాలా జాగ్రత్తగా ఎంచుకోండి. పరికరం ఎక్కడ దాచాడో, ఏ వైరు ఎటు తిప్పాడో తెలిసిన మనిషి అతనొక్కడే. ఆ కంపెనీ తమ సైటులో ఇచ్చిన అధీకృత ఇన్‌స్టాలర్ల దగ్గరికే వెళ్లండి. పని అయ్యాక పిన్ వరుస, అంటే ఆ బటన్లు నొక్కే వరుస, అతని ముందు కాకుండా ఇంటికొచ్చి మార్చుకోండి.

అల్ట్రా వైడ్‌బ్యాండ్ తాళాలు వచ్చిన కొత్త మోడళ్లలో తాళం ఎంత దూరంలో ఉందో కారు కొలుస్తుంది కాబట్టి రిలే చాలావరకు పనిచేయదు. జాగ్వార్ ల్యాండ్ రోవర్ 2018 నుంచి వాటిని తెచ్చింది. 2020 ఛార్జర్‌కు ఆ వీలు లేదు.

కిరణ్_ఆస్టిన్
9 నవంబర్

ఇవన్నీ చేసినా ఫ్లాట్‌బెడ్ ట్రక్కు తెచ్చి ఎత్తుకుపోతే ఏం చేస్తారు? వెయ్యి డాలర్లు వృథా కదా. నేను అదే అంటున్నా.

సుబ్బారావు_మిషిగన్
9 నవంబర్

మంచి ప్రశ్న, నిజమే. ట్రక్కు మీద ఎత్తేవాణ్ని ఇమ్మొబిలైజర్ ఆపలేదు. కానీ ట్రక్కు తేవాలంటే వాడికి ఖర్చు, టైము, జనం చూస్తారన్న భయం. ఎక్కువమంది దొంగలు రెండు మూడు నిమిషాల్లో పని ముగించుకోవాలని వస్తారు. స్టార్ట్ కాకపోతే వదిలేసి ఇంకో కారు చూసుకుంటారు.

ట్రక్కుకు వేరే జాగ్రత్తలున్నాయి. కారు వంగితే మోగే టిల్ట్ సెన్సర్ అలారం, పక్కనున్న స్తంభానికో గోడకో ఆనించినట్టు పార్కింగ్, చక్రాలు పూర్తిగా ఒకవైపు తిప్పి ఉంచడం, చక్రానికి బిగించే లాక్. ఛార్జర్ వెనక చక్రాలతో నడిచే బండి కాబట్టి వెనక భాగం గోడ వైపు, ముందు భాగం బయటికి ఉంటే లాక్కెళ్లడం కష్టం, వెనక చక్రాలు పార్కింగ్ బ్రేకుతో బిగిసి ఉంటాయి.

అప్పటికీ పోతే ట్రాకర్.

ఫణి_టొరంటో
9 నవంబర్

రఘు బ్రో, నీ ఛార్జర్ పుట్టింది మా పక్కనే. 2023 డిసెంబర్‌లో ఉత్పత్తి ఆగేదాకా ఛార్జర్లు, ఛాలెంజర్లు బ్రాంప్టన్ ప్లాంటులోనే తయారయ్యేవి. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, కారు దొంగతనాల బాధ కూడా అందరికీ తెలుసు.

మా దగ్గర ఎక్కువగా పోయేవి ఎస్‌యూవీలు. కంటైనర్లలో పెట్టి మాంట్రియల్ పోర్టు నుంచి ఓడలెక్కించేస్తారు. 2024లో ప్రాజెక్ట్ వెక్టర్ అని పోలీసులు, సరిహద్దు అధికారులు కలిసి ఆ పోర్టులో 598 వాహనాలు పట్టుకున్నారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఒట్టావాలో దీని మీద ప్రత్యేకంగా జాతీయ సదస్సు పెట్టాల్సి వచ్చింది. హెమీ కార్ల విషయం కొంత వేరు. వాటిని చాలాసార్లు దూరం పంపరు, అక్కడక్కడే రేసులకో వేరే నేరాలకో వాడతారు, నంబర్ మార్చి అమ్మేస్తారు, ఇంజిన్ విప్పి అమ్మేస్తారు. దీనర్థం ఏంటంటే మొదటి కొద్ది గంటల్లో ట్రాకర్‌తో దొరికే అవకాశం వీటికి కాస్త ఎక్కువ.

ట్రాకర్ గురించి నాకు తెలిసింది చెబుతా. ఎయిర్‌ట్యాగ్ చవక, ఒకటి పెట్టు, నష్టం లేదు. కానీ దానికి సొంత జీపీఎస్ లేదు, చుట్టుపక్కల ఉన్న ఆపిల్ ఫోన్ల మీద ఆధారపడుతుంది. పైగా ఎవరో ట్రాకర్‌తో తిరుగుతున్నారని దొంగ ఫోన్‌కే హెచ్చరిక పంపుతుంది, మనుషులను వెంటాడకుండా పెట్టిన ఏర్పాటు అది. అందుకే అదొక్కటే సరిపోదు. సొంత సిమ్, సొంత బ్యాటరీ ఉన్న జీపీఎస్ ట్రాకర్ ఇంకొకటి పెట్టు. ఓబీడీ పోర్టుకు గుచ్చే రకం మాత్రం వద్దు, దొంగ మొదట చెయ్యి పెట్టేది అక్కడే.

ఇంకోటి. ఎత్తుకుపోయిన కారును వెంటనే తమ చోటికి తీసుకెళ్లరు. ఏదో అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనో మాల్ దగ్గరో ఒకటి రెండు రోజులు వదిలేసి, ట్రాకర్ పట్టుకుని ఎవరైనా వస్తారేమో చూస్తారు. కారు కదలడం లేదని నువ్వు తొందరపడి ఒక్కడివే వెళ్లకు. లొకేషన్ పోలీసులకు ఇవ్వు, వాళ్లతోనే వెళ్లు. ఇక్కడ తుపాకులు ఉన్న ముఠాలు ఉన్నాయి, మీ దగ్గర ఇంకా ఎక్కువ.

లత_కేటీ
9 నవంబర్

ఫణి గారి మాటకు నూటికి నూరు శాతం. మా మరిది స్నేహితుడు పార్కింగ్‌లో తన కారు తీస్తున్న వాళ్లకు అడ్డం వెళ్తే తుపాకీ చూపించారు. కారు పోయింది, మనిషి మిగిలాడు. ఆయన భార్య ఇప్పటికీ ఆ రాత్రి గురించి మాట్లాడటానికి భయపడుతుంది. రఘు గారూ, మీ ఆవిడకు ఒక్కటి చెప్పండి, కిటికీలోంచి ఎవరైనా కనబడితే లైటు వెయ్యడం, 911కు ఫోన్ చెయ్యడం వరకే. కిందికి దిగొద్దు, మిమ్మల్ని దిగనివ్వొద్దు.

రఘు_ఇర్వింగ్
9 నవంబర్

లత గారూ, తప్పకుండా. ఈ పోస్టు తనకు చదివి వినిపించాను.

ఇంకో అనుమానం. కారు తియ్యడం కష్టమైతే తాళం కోసం ఇంట్లోకే వస్తారంటున్నారు కదా. నిజమా?

వాణి_లండన్
10 నవంబర్, సోమవారం

నిజమే. ఇక్కడ కారు తాళం కోసమే ఇళ్లలోకి చొరబడే దొంగతనాలు ఉన్నాయి. మేం తాళాలు గుమ్మం దగ్గరి టేబుల్ మీద పెట్టం, పడకగదిలోనూ పెట్టం. వంటింట్లో ఒక డబ్బాలో ఉంటాయి. పడకగదిలో ఉంటే వాళ్లు పిల్లలున్న చోటికే వస్తారన్నది నా భయం.

ఫణి_టొరంటో
10 నవంబర్

దీని మీద 2024లో మా దగ్గర పెద్ద గొడవే జరిగింది. టొరంటో పోలీసు ఒకాయన ఒక కాలనీ సమావేశంలో, తాళాలు ముందు గుమ్మం దగ్గరే ఫారడే పౌచ్‌లో పెట్టుకోండి, దొంగలు వస్తే తీసుకుని పోతారు, మీకు దెబ్బలు తగలవు అన్నాడు. దొంగకు పళ్లెంలో పెట్టి ఇవ్వమంటారా అని జనం మండిపడ్డారు. నేను వాణి గారి వైపే. ఇంటి తలుపు గట్టిగా ఉండాలి, తాళం ఎదురుగా ఉండకూడదు. కానీ మనిషి ఎదురై అడిగితే మాత్రం మారు మాట్లాడకుండా ఇచ్చెయ్యాలి.

జీటీ_బాబు
10 నవంబర్

సుబ్బారావు అన్నా, ఆ కీ ప్రోగ్రామింగ్ పరికరం ఏది? నా దగ్గరున్న మస్టాంగ్ మీద నేనే ట్రై చేసి ఎంతసేపు పడుతుందో చూద్దామని. ఆన్‌లైన్‌లో ఒక మోడల్ చూశాను, [మోడరేటర్ తొలగించారు] అదేనా?

మోడరేటర్
10 నవంబర్

బాబు గారి పోస్టులో పరికరం పేరు, లింకు తీసేశాం. దొంగతనం ఎలా జరుగుతుందో అర్థమయ్యేంత వరకు చర్చించుకోండి, అంతకుమించి పరికరాల పేర్లు, వాడే విధానం ఇక్కడ రాయొద్దు. అలాగే ఎవరూ తమ వీఐఎన్, నంబర్ ప్లేటు, పార్కింగ్ కనబడే ఫొటోలు పెట్టకండి. రఘు గారి మొదటి పోస్టులోని ఫొటోలో ప్లేటు కనబడుతోంది కాబట్టి దాన్ని కూడా తీశాం. వీఐఎన్ తెలిస్తే తాళం కోడ్ సంపాదించే ముఠాలు ఉన్నాయి, పై పోస్టుల్లో హ్యూస్టన్ సంగతి చదివారు కదా.

మాధవి_ప్లానో
10 నవంబర్

నేను ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. కిరణ్ గారు ఇన్సూరెన్స్ ఉంది కదా అన్నారు, అక్కడే చాలామంది మనవాళ్లకు దెబ్బ తగులుతుంది. అందుకే రాస్తున్నాను.

టెక్సస్ చట్టం తప్పనిసరి చేసింది 30/60/25 (వేల డాలర్లలో) లయబిలిటీ మాత్రమే. అది ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి. దొంగతనానికి కాంప్రహెన్సివ్ ఉండాలి. ఢీకొన్నప్పటి నష్టానికిచ్చే కొలిజన్ కవర్ కాదు, కాంప్రహెన్సివ్. లోన్ ఉంటే బ్యాంకే అడుగుతుంది, మొత్తం డబ్బు కట్టి కొన్నవాళ్లు మాత్రం ప్రీమియం తగ్గుతుందని తీసేయించుకుంటూ ఉంటారు. రఘు గారూ, మీ పాలసీ మొదటి పేజీ తీసి ఆ మాట ఉందో లేదో ఈరోజే చూడండి. డిడక్టిబుల్, అంటే క్లెయిమ్‌లో ముందు మీరు భరించాల్సిన మొత్తం, ఎంతో కూడా చూడండి.

రెండోది, కంపెనీ ఇచ్చేది పోయిన రోజున కారుకున్న మార్కెట్ విలువ. మీ లోన్ బాకీ అంతకంటే ఎక్కువ ఉంటే తేడా మీ జేబులోంచే, లేని కారుకు ఈఎంఐ కట్టాలి. గ్యాప్ ఇన్సూరెన్స్ అందుకోసమే. డీలర్ దగ్గర లోన్‌లో కలిపి అమ్మే గ్యాప్ కన్నా మీ కారు ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరో క్రెడిట్ యూనియన్ దగ్గరో తీసుకుంటే చాలాసార్లు చవకగా వస్తుంది.

కొత్త ఎగ్జాస్ట్, చక్రాలు, ఆడియో వేయించి ఉంటే వాటికి మామూలు పాలసీలో చాలా తక్కువ పరిమితి ఉంటుంది. ముందుగా చెప్పి కవర్ పెంచుకోవాలి, బిల్లులు దాచుకోవాలి. కారులో ఉన్న ల్యాప్‌టాప్, బ్యాగు పోతే కారు పాలసీ ఇవ్వదు, అపార్ట్‌మెంట్ రెంటర్స్ పాలసీలో అడగాలి.

కారు రాత్రిపూట ఎక్కడ ఉంటుందో ఉన్నది ఉన్నట్టు రాయండి. ప్రీమియం తగ్గుతుందని గ్యారేజీ ఉన్న బావమరిది ఇంటి అడ్రస్ ఇచ్చి, క్లెయిమ్ రోజున ఇరుక్కున్న కుటుంబాల కన్నీళ్లు నేను దగ్గర నుంచి చూశాను.

క్లెయిమ్ డబ్బు చేతికొచ్చాక కారు దొరికితే అది కంపెనీదే అవుతుంది, మీది కాదు. అందుకే ఆ కారంటే మీకు అంత ప్రేమ ఉంటే మొదటి రోజుల్లో దొరికేలా ట్రాకర్ పెట్టుకోవడమే మంచిది.

కిరణ్_ఆస్టిన్
10 నవంబర్

మాధవి గారూ, కాంప్రహెన్సివ్, గ్యాప్ తేడా ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. నా పాలసీ కూడా ఇప్పుడే తెరిచి చూస్తున్నా. కానీ క్యాన్ ఇమ్మొబిలైజర్ విషయంలో నాకు ఇంకో సందేహం. కారు వైరింగ్‌లో బయటి పరికరం పెడితే వారంటీ పోదా? హైవే మీద అది ఫెయిల్ అయి కారు ఆగిపోతే?

సుబ్బారావు_మిషిగన్
10 నవంబర్

వారంటీ విషయం: అమెరికాలో మాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం, బయటి పరికరం పెట్టావన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ కొట్టేయకూడదు. ఆ పరికరం వల్లే చెడిపోయిందని కంపెనీ చూపించాలి. అయినా డీలర్‌తో వాదన తప్పకపోవచ్చు, అందుకే బిల్లు, ఇన్‌స్టాలర్ కాగితాలు దాచిపెట్టు. నడుస్తున్నప్పుడు ఆగిపోవడం విషయం: బాగా చేసినవి ఇంజిన్ స్టార్ట్ అయ్యే సమయంలోనో గేరు వేసే సమయంలోనో మాత్రమే అడ్డం పడతాయి, పరుగెత్తే కారును ఆపవు. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ఎవడైనా పెట్రోల్ పంపు వైరు కత్తిరించి సీటు కింద స్విచ్ పెడతానంటే ఆ షాపు నుంచి బయటికొచ్చెయ్. అది వదులైతే గంటకు 70 మైళ్ల వేగంలో ఇంజిన్ ఆగుతుంది.

స్టీరింగ్ లాక్ గురించి మొదట్లో అడిగావు కదా రఘూ. రంపంతో స్టీరింగ్ చక్రాన్నే కోసి తీసేవాళ్లు ఉన్నారు, అయినా పెట్టు. బయటి నుంచి కనబడే అడ్డం అది. ఇమ్మొబిలైజర్ ఉందని దొంగకు తెలిసేలోపు అద్దం పగిలి ఉంటుంది. పసుపు రంగు లాక్ చూసి వెళ్లిపోతే అద్దం కూడా మిగులుతుంది.

చందు_హైదరాబాద్
11 నవంబర్, మంగళవారం

ఇక్కడి నుంచి చదువుతున్నాను, చాలా విషయాలు తెలిశాయి. నా దగ్గర సెకండ్ హ్యాండ్ ఆక్టేవియా ఆర్ఎస్ ఉంది. మన దగ్గర క్లెయిమ్ దగ్గర పద్ధతి వేరు. కారు పోతే ఇన్సూరెన్స్ కంపెనీ రెండు తాళాలూ అడుగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఒకటే తాళం ఇచ్చి రెండోది తర్వాత పంపిస్తాం అంటే ఒప్పుకోవద్దు. ఎఫ్ఐఆర్ వెంటనే పెట్టాలి, తర్వాత పోలీసుల నుంచి కారు దొరకలేదన్న రిపోర్టు తేవాలి, అప్పుడే ఐడీవీ (పాలసీలో రాసిన కారు విలువ) మేరకు డబ్బు వస్తుంది. కొత్త కారైతే రిటర్న్ టు ఇన్వాయిస్ యాడ్ ఆన్ తీసుకుంటే బిల్లు విలువ వస్తుంది. వాహనాల పరీక్షా సంస్థ ఏఆర్ఏఐ ఆమోదించిన యాంటీ థెఫ్ట్ పరికరానికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో రెండున్నర శాతం రాయితీ ఉండేది, గరిష్ఠంగా 500 రూపాయలు. రాయితీ కోసం కాదు గానీ ఆమోదం ఉన్నదే పెట్టించుకోవడం మేలు. ఢిల్లీ వైపు క్రెటాలు, ఫార్చ్యూనర్లు ఎత్తుకెళ్లే ముఠాలు ఇప్పటికే కీ ప్రోగ్రామింగ్ పరికరాలు వాడుతున్నాయి. హైదరాబాద్‌లో యాక్సెసరీ షాపుల్లో ఇష్టం వచ్చినట్టు వైర్లు కోసేవాళ్లు ఎక్కువ, సుబ్బారావు గారి మాట నాకు బాగా పనికొచ్చింది.

మాధవి_ప్లానో
11 నవంబర్

చందు గారి రెండు తాళాల మాట ఇక్కడా పనికొస్తుంది. క్లెయిమ్ అప్పుడు మా విభాగం కూడా తాళాల గురించి అడిగేది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఇంకో హెచ్చరిక. ఎత్తుకొచ్చిన కారుకు అదే మోడల్ ఇంకో కారు వీఐఎన్ అతికించి అమ్మేవాళ్లున్నారు. అది బయటపడిన రోజున పోలీసులు కారు తీసుకెళ్తారు, మీ డబ్బు పోతుంది. ఎన్ఐసీబీ వాళ్ల వీఐఎన్ చెక్ ఉచితం. డాష్‌బోర్డు మీది 17 అక్షరాలు, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్, టైటిల్ కాగితం, ఇంజిన్ కంప్యూటర్ చూపించే నంబర్, నాలుగూ ఒకటే ఉండాలి. రఘు గారూ, డీలర్ దగ్గరికి వెళ్తున్నారు కాబట్టి ఇది కూడా అక్కడే చూపించేసుకోండి.

రఘు_ఇర్వింగ్
16 నవంబర్, ఆదివారం

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. జరిగింది రాస్తున్నాను.

డీలర్ దగ్గర నంబర్లన్నీ సరిపోయాయి. కారులో మూడు తాళాలు నమోదై ఉన్నాయి, నాకు ఇచ్చింది రెండే. అన్నీ చెరిపించి నా రెండే పెట్టించాను. ఒక్క ఈ సంగతికే ఈ చర్చకు నేను రుణపడి ఉంటాను. నాలుగంకెల కోడ్ అప్‌డేట్ ముందు ఓనర్ వేయించలేదు, ఇప్పుడు వేశారు. పాత యాప్ కనెక్షన్ తీసేశారు.

క్యాన్ ఇమ్మొబిలైజర్ నిన్న బిగించారు, అధీకృత ఇన్‌స్టాలర్ దగ్గరే. మిగిలిన డబ్బుతో సొంత బ్యాటరీ ఉన్న ట్రాకర్. పసుపు రంగు స్టీరింగ్ లాక్ కూడా వచ్చింది. గేటు గురించి మిగతా కుటుంబాలతో కలిసి అపార్ట్‌మెంట్ ఆఫీసుకు రాతపూర్వకంగా ఇచ్చాం, పక్క బ్లాకు ఆయన కూడా సంతకం పెట్టారు. మా ఆవిడ రెండు రాత్రులుగా లేవకుండా నిద్రపోతోంది.

ఒక చిన్న ప్రశ్న మిగిలింది. వచ్చే వారం ఆయిల్ మార్పించాలి, టైర్లు కూడా తిప్పించాలి. పిన్ వరుస మెకానిక్‌కు చెప్పాలా?

వాణి_లండన్
16 నవంబర్

ఎంత మంచి కబురు! పిన్ ఎవరికీ చెప్పకండి. దానికి సర్వీస్ మోడ్ ఉంటుంది, అది ఆన్ చేస్తే పరికరం తాత్కాలికంగా పక్కకు తప్పుకుంటుంది, మెకానిక్ మామూలుగా నడుపుకుంటాడు. డాడ్జ్ కోడ్‌కు ఏం చెయ్యాలో సుబ్బారావు గారే చెప్పాలి.

సుబ్బారావు_మిషిగన్
16 నవంబర్

డాడ్జ్ సెక్యూరిటీ మోడ్‌ను కూడా స్క్రీన్‌లోంచి ఆ రోజుకు ఆపేసి ఇవ్వు. ఇంటి తాళాలున్న గుత్తి ఇవ్వొద్దు, కారు తాళం ఒక్కటే విడదీసి ఇవ్వు. గ్లవ్ బాక్సులో ఇంటి అడ్రస్ ఉన్న కాగితాలు ఉంటే ముందే తీసెయ్. సాయంత్రం కారు చేతికి రాగానే రెండూ మళ్లీ ఆన్ చేసి, షాపు బయటే ఒకసారి పిన్ కొట్టకుండా బయల్దేరి చూడు. కారు కదలకపోతే అన్నీ సరిగ్గా ఉన్నట్టే, అప్పుడు పిన్ కొట్టి ఇంటికి వెళ్లు.